కెరటాల కుటీర పరిశ్రమ

శ్రీకాకుళం జిల్లాకి సముద్రం చేసిన అన్యాయం ఇంతా అంతా కాదు. డొంకూరు నుంచి జీరుపాలెం దాకా రాత్రనక పగలనక కెరటాలు పంపిస్తూనే ఉంటుంది గానీ, ఒక్కదానికీ బ్రాండు లేదు, బిల్లు లేదు, వెనకాల డీజే పాట లేదు. అడక్కుండా వచ్చిపడేదానికి విలువేముంటుంది? విజయనగరం వాళ్ళదీ అదే ఖర్మ. చింతపల్లి, కోనాడ, ముక్కాం, ఎక్కడ నిలబడ్డా కాళ్ళ మీదకి ఉచితంగా ఓ కెరటం. ఈ అవమానం భరించలేకే కాబోలు, రెండు జిల్లాల మేధావులు కొందరు సముద్రానికి వీపు తిప్పి, నలభై యాభై కిలోమీటర్లు లోపలికి వెళ్ళి, తన మానాన తను పడుకున్న రిజర్వాయరొకటి చూసుకుని, అందులో కెరటం తయారు చేసే పని పెట్టుకున్నారు.

ఈ యజ్ఞానికి మూలమంత్రం ఒక వీడియో. మీరూ చూసే ఉంటారు. ఏ మేనల్లుడో పంపే ఉంటాడు. అర నిమిషం. ఒక ప్లాస్టిక్ చాపింగ్ బోర్డు, దానికి అద్దాల షాపులో అద్దాలెత్తే రబ్బరు కప్పు, నాలుగు స్క్రూలు. తెచ్చి పడవ పక్కకి టప్పున అతికించాడు. తర్వాతి షాట్లో పడవ వెనక నున్నటి కెరటం, దాని మీద చేతిలో టీ గ్లాసుతో ఒకడు, సిరిమాను మీద పూజారిగారంత నిబ్బరంగా. "రెండు వేలలో అయిపోయింది ఫ్రెండ్స్, సింపుల్!"

ఆ 'సింపుల్' దగ్గరే పేచీ. మొదటి షాట్‌కీ రెండో షాట్‌కీ మధ్య కత్తెర పడిన చోట రెండున్నర టన్నుల పడవ ఒకటి, టన్నుకి పైగా నీళ్ళ బరువు, మూడు వందల పైచిలుకు హార్స్‌పవర్ ఇంజను, లక్ష డాలర్లు దాటిన బిల్లు, ఇవన్నీ మాయమయ్యాయి. మిగిలింది చాపింగ్ బోర్డు. మనవాళ్ళకి కనపడిందీ అదే.

విషయం ఎరగనివాళ్ళ కోసం కాస్త గంభీరంగానే చెప్పుకుందాం. అమెరికా సరస్సుల మీద వేక్ సర్ఫింగ్ అని ఒక ఆట ఉంది. పడవ గంటకి 16 నుంచి 19 కిలోమీటర్ల మధ్య పోతూ ఉంటే, దాని వెనక లేచే కెరటం మీద పలక వేసుకుని నిలబడతారు. లేవడానికి మొదట తాడు పట్టుకుంటారు. కెరటం తోపు కాళ్ళకి అందాక తాడుని పడవలోకి విసిరేస్తారు. ఆ తాడు ఇరవై అడుగులుంటే గొప్ప. తాడు వదిలేశాక మనిషి పడవ వెనక మూడు నాలుగు మీటర్లలోనే ఉంటాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి, దీనితో తర్వాత పనుంది.

పడవ నీటిని రెండు పక్కలకీ చీల్చుకుంటూ పోతుంది. అమరం, అంటే పడవ వెనక కొస, దాటాక ఆ రెండు పాయలూ వచ్చి ఒకదాన్నొకటి గుద్దుకుని నురగ కక్కుతాయి. నురగ మీద పలక నిలవదు. ఒక పక్క పాయని కాస్త బయటికి మళ్ళించి ఆలస్యంగా వచ్చేలా చేస్తే, గుద్దుకునే చోటు వెనక్కి జరుగుతుంది. రెండో పక్క కెరటం నున్నగా, పొడుగ్గా నిలబడుతుంది. ఆ మళ్ళించే అడ్డుచెక్క పేరే వేక్ షేపర్. ఎడమ పక్క ఆడాలంటే చెక్క కుడి పక్కన పెట్టాలి. ఆడే పక్కనే అతికించి, ఉన్న కాస్త కెరటాన్నీ చంపుకుని "పని చెయ్యట్లేదేట్రా" అని తల గోక్కునేవాళ్ళతో లోకం నిండిపోయింది. 2012 ప్రాంతంలో కంపెనీలు ఈ అడ్డునే పడవ వెనక మీట నొక్కితే తెరుచుకునే రెక్కలా బిగించి అమ్మడం మొదలుపెట్టాయి, పేటెంట్ల కోసం కోర్టులకీ ఎక్కాయి. అంత పెట్టలేనివాడు తన పాత పడవకి చెక్క అతికించుకుంటాడు. అక్కడి వరకు న్యాయమే. ఆ చెక్క పెడితే అక్కడి పడవ వెనక నిజంగానే కెరటం మారుతుంది కూడా.

కానీ వీడియోలో చెప్పనిది ఒకటుంది. చెక్క కెరటాన్ని పుట్టించదు. పుట్టినదాన్ని దిద్దుతుంది, అంతే. కెరటం పుట్టేది బరువు వల్ల. పడవ ఎంత నీటిని పక్కకి నెడితే అంత కెరటం. అందుకే వాళ్ళు పడవ అడుగున సంచుల నిండా నీళ్ళు నింపి మరీ దాన్ని కూర్చోబెడతారు. జుట్టున్నమ్మ ఏ కొప్పు చుట్టినా అందమే అన్నారు. అక్కడి పడవకి జుట్టుంది. తొమ్మిది, పది హార్స్‌పవర్ మోటారు వెనక తగిలించుకుని తేలిగ్గా పోయే మన ఫైబరు తెప్పది బోడిగుండు. దానికి ఏ కొప్పు చుట్టాలా అని మనవాళ్ళు రాత్రంతా వాదించుకుంటున్నారు.

ఇక తయారీ. కుటీర పరిశ్రమ కాబట్టి ప్రాజెక్టు రిపోర్టు పద్ధతిలోనే పోదాం. పన్నెండు మిల్లీమీటర్ల మందం చాపింగ్ బోర్డులోంచి 40 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు ముక్క ఒకటి. ఇది తెల్లటి గట్టి ప్లాస్టిక్. దీనికి ఏ జిగురూ అంటదు. ఎమ్‌సీల్ పిసికి పెట్టినా, ఆరాక గోటితో ఊడదీస్తే బిళ్ళలా వచ్చేస్తుంది. అరంగుళం చెక్క స్క్రూ పట్టదు, పట్టినట్టు నటిస్తుంది. లాగినప్పుడు మరలన్నీ నున్నగా అరిగి జారిపోతుంది. ఆరపార తొలిచి, ఎనిమిది మిల్లీమీటర్ల స్టీలు బోల్టు వేసి, రెండు వైపులా వెడల్పాటి వాషరు పెట్టి, నైలాన్ నట్టు బిగిస్తేనే నిలుస్తుంది. ఈ సంగతి నరసన్నపేటలోనో రాజాంలోనో ఏ హార్డ్‌వేర్ షాపు గుమాస్తాని అడిగినా చెబుతాడు. అడగరు. వీడియోలో స్క్రూలే ఉన్నాయి కదా.

ప్లాస్టిక్ వద్దు, చెక్కే కావాలనేవాడు ప్లైవుడ్ కొంటాడు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అయితే సరే. ఇంట్లో బీరువా వెనక మిగిలిన ముక్క అయితే రెండు ముంచులకే పొరలు విచ్చుకుని కాజాలా తయారవుతుంది. దానికి గ్లాసుమ్యాట్, అంటే గాజు పీచు గుడ్డ, చుట్టి రెసిన్ పూస్తానంటాడు ఇంకొకడు. కిలో రెసిన్‌కి హార్డెనరు 10 నుంచి 20 గ్రాములు. ఎండెక్కువగా ఉంటే తక్కువ వైపే ఉండాలి, లేకపోతే మగ్గులోనే పొగలు కక్కి రాయైపోతుంది. ముందు రెసిన్‌లో కోబాల్టు (తొందరగా గడ్డకట్టించే మందు) బాగా కలిపి, ఆ తర్వాతే హార్డెనరు వెయ్యాలి. కోబాల్టునీ హార్డెనరునీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే పేలుతుంది. ఇది వ్యంగ్యం కాదు, నిజంగానే పేలుతుంది. ఫైబరు పడవలు కట్టే పనివాళ్ళు ఆ రెండు సీసాల్ని ఒకే అరలో కూడా పెట్టరు. వీడియోలో ఉన్నవాడికి ఆ రెండూ ఉత్త రంగునీళ్ళే.

చెక్కని పడవకి ఎలా పెట్టాలన్నది తర్వాతి మెట్టు. ముందంచు పడవ ఒంటికి అతుక్కుని ఉండాలి. వెనకంచు బయటికి విచ్చుకోవాలి, సగం తెరిచిన తలుపులాగ. అమరం కొసకి అడుగో రెండడుగులో ముందు, నీటి మట్టానికి కింద, పూర్తిగా మునిగి ఉండాలి. పైకి తేలితే గాలిని లాక్కుని నురగ చేస్తుంది తప్ప నీటిని మళ్ళించదు. ముందంచు దగ్గర వేలు పట్టేంత సందు ఉన్నా చాలు, నీళ్ళు అందులోంచి దూరి చెక్కని డబ్బా మూతలా లేపేస్తాయి. అందుకని అక్కడ మెత్తటి పట్టీ ఒకటి వెయ్యాలి. ఈ పట్టీ గురించి కూడా తర్వాత మాట్లాడుకోవాలి. అన్నిటికంటే ముందు, చెక్క ఊడినా పోకుండా విడిగా ఒక తాడు. దాని ఒక కొస పడవకి, రెండో కొస బోల్టుకి, మధ్యలో ఖాళీ సీసా. నూటికి తొంభై మంది మరిచిపోయే వస్తువు ఇదే. రేటు: పది రూపాయలు.

లెక్క కూడా వేసేద్దాం, లెక్కలంటే మన జిల్లాల వాళ్ళకి భయమేముంది, ఇంటికో మాస్టారున్నారు. గంటకి 18 కిలోమీటర్లంటే సెకనుకి 5 మీటర్లు. ఆ వేగంలో నీరు ఎదురుగా తగిలితే చదరపు మీటరుకి దాదాపు 1,275 కిలోల ఒత్తిడి. మన చెక్క 0.06 చదరపు మీటరు. నిట్టనిలువుగా పెడితే 76 కిలోలు. ఏటవాలుగా పెట్టాం కాబట్టి సగమే అనుకుందాం, 38. ఒక పాతిక కిలోల బియ్యం బస్తా, దాని మీద సగం బస్తా, నాలుగు అరంగుళం స్క్రూల మీద వేలాడుతున్నట్టు. వేగం రెట్టింపు చేస్తే బరువు రెట్టింపు కాదు, నాలుగింతలు. "ఇంకొంచెం పెంచు మావా" అనేవాడికి ఈ నాలుగింతలు తెలియదు.

కప్పు సంగతి ఇంకా రమ్యం. పన్నెండు సెంటీమీటర్ల కప్పులో గాలి పూర్తిగా తోడెయ్యగలిగితే, నిటారుగా లాగినప్పుడు నూరు కిలోల పైనే పట్టాలి, పుస్తకంలో. కానీ మీట వేసే కప్పు గాలినంతా తొయ్యలేదు. పైగా అది అద్దం కోసం పుట్టింది. నున్నటి, పొడి, బల్లపరుపు అద్దం. ఫైబరు తెప్ప అచ్చులోంచి బయటికొచ్చిన రోజున అద్దంలాగే ఉంటుంది. ఏడాది పాటు ఇసక మీద ఈడ్చి, రెండు చోట్ల అతుకులేసి, బ్రష్షుతో నీలం రంగు వేసి, మీద గంగమ్మ తల్లి పేరు రాసి, అడుగున పాచి పట్టాక, దాని ఒళ్ళు గోరుగీకుల పలకలా ఉంటుంది. ఆ గీకుల్లోంచి గాలి పాకుతుంది. పాచి మీద రబ్బరు జారుతుంది. రంగు మీద అతికిస్తే ఇంకో వింత. కప్పు పడవని వదలదు, రంగు పడవని వదిలేస్తుంది. అరచెయ్యంత నీలం పెచ్చుతో సహా కప్పు చేతికొస్తుంది. తల్లి పేరులో ఒక అక్షరం కూడా పోతుంది ఒక్కోసారి.

ఇన్ని తెలిశాక మానేస్తారనుకున్నారా? సంక్రాంతికి అమెరికా నుంచి అల్లుడు దిగాడు. ఇక ఆగుతారా.

ముక్కనుమ నాటి ఉదయం రిజర్వాయరు గట్టు మీద ఆ దృశ్యం ఊహించుకోండి. ఊరి పేరు అక్కర్లేదు, నాగావళికీ వంశధారకీ గోస్తనికీ ఏ పక్కనైనా సరిపోతుంది. అల్లుడుగారు మోకాళ్ళ దాకా నిక్కరు, నల్లకళ్ళద్దాలు. చంకలో పలక, అది ఆయన సూట్‌కేసు కన్నా ఖరీదు. వెనక ఐదుగురు బామ్మర్దులు. ఒకడి చేతిలో డ్రోను, ఒకడి చేతిలో స్పీకరు, ఒకడి చేతిలో నిన్నటి మటన్ కూర క్యారేజీ. అద్దాల షాపువాడు, తన కప్పులు తనకి సాయంత్రానికి తిరిగి కావాలి కాబట్టి, రోజుకి వంద అద్దె మాట్లాడుకుని, నమ్మకం చాలక తనే వచ్చి కూర్చున్నాడు. వెల్డరొచ్చాడు, చెయ్యడానికి పనేమీ లేదు, చూద్దామని వచ్చాడు. పడవ మావ పొద్దున్నే వలలు తీసేసి, పడవ కడిగి, అద్దెకి సిద్ధంగా ఉంచాడు.

"బావూ, ఇదేటండి?"

"వేక్ షేపర్ మావా."

"ఏటి సేస్తాది?"

"కెరటం చేస్తుంది."

మావ ఒకసారి రిజర్వాయరు వైపు చూశాడు. ఒకసారి తూర్పుకి చూశాడు. "కెరటాలకేటి బావూ, కళింగపట్నం ఎల్తే ఒట్టినే వస్తాయి కదేటి?"

"అవి వేరు మావా. అవి వాటంతటవే వస్తాయి."

"మరి ఇయి?"

"ఇవి మనవి."

ఈ జవాబుకి మావ దగ్గర జవాబు లేదు. తండ్రితాతల నాటి నుంచి తెప్ప మీద మోకాళ్ళేసుకుని, వెనక నుంచి లేచిన కెరటాన్ని వీపుతోనే కనిపెట్టి, తెడ్డుతో అమరాన్ని నిలబెట్టి, ఆ కెరటం మీదే ఒడ్డుకి జారుతూ వచ్చిన జాతి అది. ఎన్నో కెరటానికి పడవ తొయ్యాలో, ఎన్నో దానికి ఆగాలో ఒడ్డున నిలబడి లెక్కపెట్టేవాళ్ళు. దానికి ఎవరూ పలక ఇవ్వలేదు, పేరూ పెట్టలేదు. అల్లుడుగారు మాత్రం మావకి కెరటం అంటే ఏమిటో రెండు చేతులూ ఊపి విడమరిచి చెప్పారు. మావ తలూపాడు.

తర్వాత బరువు. మూడు నీలం డ్రమ్ములెక్కించారు. రెండొందల లీటర్లవి. నిండా నింపితే ఒక్కోటి 200 కిలోలు. బక్కెట్లతో పోసి పోసి చేతులు పడిపోయి సగంలో ఆపేశారు. సగం నిండిన డ్రమ్ము పడవలో ఉండకూడని వస్తువు. నిండు డ్రమ్ము ఉన్నచోట ఉంటుంది. సగం డ్రమ్ములో నీరు పడవ ఎటు ఒరిగితే అటే పరిగెడుతుంది, ఒరిగినదాన్ని ఇంకా ఒరగదోస్తుంది. అది చాలదన్నట్టు ఐదుగురు బామ్మర్దుల్నీ ఎడమ పక్కనే వరసగా కూర్చోబెట్టారు. నీటికి పైన జానెడు ఉండాల్సిన పడవ అంచు నాలుగు వేళ్ళకి దిగింది. వెల్డరు గట్టు మీంచి "ఒరే అయ్యా, అటూ ఇటూ సర్దండిరా" అన్నాడు. డ్రోను మోతలో వినపడలేదు.

చెక్క అతికించే ఘట్టానికి ముప్పావు గంట పట్టింది. మొదటిసారి కప్పు మూడు సెకన్లుంది. పాచి గీకారు. రెండోసారి పది సెకన్లు. సబ్బు పెట్టి కడిగారు, సబ్బు మీద జారింది. మంచినీళ్ళతో మళ్ళీ కడిగారు. అద్దాల షాపువాడికి వృత్తిగౌరవం పొడుచుకొచ్చి, లుంగీ ఎగ్గట్టి తనే నీళ్ళలోకి దిగాడు. అరచేత్తో తడిమి, నున్నటి చోటు వెతికి, ఉమ్మి తడి చేసి, మీట వేశాడు. పట్టింది. చప్పట్లు. అమరానికి ఎంత దూరంలో, నీటికి ఎంత లోతులో అన్న ప్రశ్నే లేదు. ఎక్కడ పడితే అక్కడ కాదు, ఎక్కడ పట్టితే అక్కడ.

మోటారు తాడు లాగారు. మూడో లాగుకి అందుకుంది. పది హార్స్‌పవర్లు ఏడుగురినీ మూడు డ్రమ్ముల్నీ క్యారేజీనీ లాక్కుని, మూలుగుతూ, గంటకి పది కిలోమీటర్ల దగ్గర ఆగిపోయాయి. వెనక కెరటం లేచింది. బిందె ముంచితే లేచేంత. అల్లుడుగారు పలక కాళ్ళకింద పెట్టుకుని, తాడు పట్టుకుని, సగం లేచి, కూర్చుని, సగం లేచి, కూర్చుని, దొడ్డికి వంగినవాడు మనసు మార్చుకున్నట్టు నాలుగు సార్లు చేశారు. "ఇంకొంచెం పెంచు మావా!" మావ పెంచడానికేమీ మిగల్లేదు. అయినా చెయ్యి తిప్పినట్టు తిప్పాడు, మర్యాదకి. అప్పుడు పడవ కొద్దిగా మలుపు తీసుకుంది. నీళ్ళు చెక్క మీద అడ్డంగా పడ్డాయి. టప్. నాలుగు స్క్రూలూ ఒకేసారి. కప్పు మాత్రం పడవని పట్టుకునే ఉంది. అద్దాల షాపువాడు గట్టు మీంచి "నా కప్పు ఊడలేదు సూడండి!" అని గర్వంగా అరిచాడు.

చెక్క పోయిందని కంగారుపడి మావ మోటారు ఒక్కసారిగా తగ్గించాడు. తగ్గించకూడదు, మెల్లగా దించాలి. పడవ ఆగుతుంది, వెనకొస్తున్న దాని కెరటం ఆగదు. వచ్చి నేరుగా అమరం ఎక్కింది. నాలుగు వేళ్ళ అంచు మీంచి నీళ్ళు లోపలికి, డ్రమ్ముల్లో నీళ్ళు ఎడమకి, బామ్మర్దులు కుడికి. పొద్దున్నుంచీ ఎవరూ చెయ్యలేని కెరటాన్ని పడవ తనంతట తనే చేసుకుని, తన నెత్తినే పోసుకుంది. అల్లుడుగారు వెనక నీళ్ళలో ఉన్నారు. అమరానికి మూడు మీటర్లలో. మోటారు ఫ్యాను ఇంకా తిరుగుతోంది.

ఆ ఫ్యాను మనిషికీ పడవకీ మధ్యలోనే ఉంది. అమెరికాలో ఈ ఆట ఆడే పడవలకి ప్రొపెల్లరు అడుగున, అమరం కంటే బాగా ముందుకి ఉంటుంది. లేదా ముందుకి తిరిగిన ప్రత్యేకమైన డ్రైవు ఉంటుంది. అవుట్‌బోర్డు వెనక ఈ ఆట ఆడొద్దని అక్కడ పడవ అమ్మేవాడు కూడా చెబుతాడు. మనది ఆ అవుట్‌బోర్డే, అమరానికి వేలాడే మోటారు. నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగే ఇంజనుని గేరు సగానికి దించినా, ఫ్యాను సెకనుకి పాతిక చుట్లు. మూడు రెక్కలు. సెకనుకి డెబ్బై ఐదు కోతలు. పక్కన పొగ, అందులో వాసన తెలియని కార్బన్ మోనాక్సైడు, సరిగ్గా నీటి మీద ముఖం ఉండే ఎత్తులో. నీళ్ళలో పడ్డవాడు కాళ్ళాడించుకుంటూ తాడు పట్టుకుని అటువైపే వస్తాడు, పడవ అటుంది కాబట్టి. కాలు తెగితే దగ్గర్లో ఏముంది? ఏదో ఊళ్ళో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అక్కడ కట్టు. ఇది తెలిసి కూడా 'పెంచు మావా' అన్నవాడిని ఏమనాలి? పండక్కి వచ్చిన అల్లుడని ఊరుకోవాలా?

ఇక ఆ మెత్తటి పట్టీ. చెక్క ముందంచుకి, సందు లేకుండా, నైలాన్ దారంతో చక్కగా కుట్టారు. జిగురు అంటదు కదా, అందుకని కుట్టారు. తెల్లటి నురుగు బద్ద, కొసల్లో నారింజ రంగు గుడ్డ. ఎక్కడిదని ఎవరూ అడగలేదు. పడవలో నాలుగు లైఫ్ జాకెట్లుండేవి. ఒకదాన్ని మావ మోటారు దగ్గర కూర్చోడానికి వేసుకున్నాడు. రెండింటికి బకిల్సు లేవు. నాలుగోది బాగుంది. బాగున్నదాన్నే కోశారు. కత్తెరతో, కొలతపెట్టి, నలభై సెంటీమీటర్లు.

2017 నవంబరు 12న కృష్ణలో ఫెర్రీ ఘాట్ దగ్గర పడవ బోల్తా పడింది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ఇంకోటి మునిగింది. నెలల తరబడి టీవీల్లో లైఫ్ జాకెట్, లైఫ్ జాకెట్ అని గొంతులు చించుకున్నారు. తీసిన శవాలు మనం చూశాం. మునిగిన పడవని నది అడుగునుంచి లాగడానికి వారాలు పట్టడం చూశాం. ఇప్పుడు, ఆ జాకెట్‌ని కోసి, అరంగుళం స్క్రూలతో బిగించిన కూరగాయల పలకకి మెత్త వేసుకుంటారా? ఏడుగురిలో ఒక్కడి ఒంటి మీద కూడా జాకెట్ లేకుండా? ఈ నీళ్ళలో రోజూ తిరిగే మావకి ఈత వచ్చు. ఆ ఐదుగురు బామ్మర్దుల్లో ఎందరికొచ్చు? వెయ్యి రూపాయల అద్దె కోసం నోరు మూసుకున్న మావని తిట్టడానికి మనసొప్పదు, ఆ రోజు ఇంట్లో పొయ్యి దాని మీదే వెలగాలి. కత్తెర పట్టుకున్నవాడికి ఏ లోటూ లేదు. వాడి డిగ్రీ మెకానికల్ ఇంజనీరింగు!

ఇంకొకడున్నాడు ఈ నీళ్ళలో. ఎవరి వీడియోలోనూ కనపడడు. గట్టుకి దగ్గరగా, థర్మాకోల్ పలకలు గోనెసంచిలో కుట్టుకున్న తెప్ప మీద, బాసింపట్టు వేసుకుని వల వేస్తూ ఉంటాడు. రెండు చేతులూ వల మీదే. ఎవడో వెనక నుంచి పంపిన రెండడుగుల కెరటం వస్తే పట్టుకోడానికి అతనికి ఏమీ లేదు. ఈసారికి బిందెడే లేచింది కాబట్టి సరిపోయింది. ఒకవేళ మనవాళ్ళు నిజంగా గెలిస్తే, వచ్చే సంక్రాంతికి పెద్ద మోటారూ నిండు డ్రమ్ములూ తెస్తే, మొదట నీళ్ళలో పడేది అతనే. ఆ తర్వాత రిజర్వాయరు మట్టికట్ట. రాతి పరుపు కిందికి నీరు తోసి, తీసి, తోసి, తీసి, కెరటం చేసేది ఆ పనే. రాళ్ళ సందుల్లోంచి మట్టి బయటికొచ్చాక రాళ్ళు కూర్చుంటాయి.

అమెరికాలో వెర్మాంట్ అనే రాష్ట్రం దీనికో నియమం పెట్టింది. కెరటం ఆట ఆడాలంటే ఒడ్డుకి 500 అడుగుల దూరం ఉండాలి, నీళ్ళు 20 అడుగుల లోతుండాలి, అలాంటి నీరు ఒక్కచోటే 50 ఎకరాలకి తగ్గకూడదు. అమలులోకి వచ్చింది 2024 ఏప్రిల్ 15న. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15నే 61 రోజుల వేట నిషేధం మొదలవుతుంది. చేప గుడ్లు పెట్టుకోవాలని మావ లాంటి వాళ్ళు జూన్ 14 దాకా మరపడవలు ఒడ్డున పెట్టుకుని కూర్చుంటారు. చేపకిచ్చే ఆ మర్యాదలో సగం థర్మాకోల్ తెప్ప మీద ఉన్నవాడికిస్తే బాగుండును గానీ, అల్లుడుగారి టికెట్టు ఇరవయ్యో తారీఖుకే.

ఆ సాయంత్రం అందరూ ఒడ్డెక్కారు. అల్లుడుగారి కాళ్ళు రెండూ ఉన్నాయి, అది చెక్క గొప్పతనం కాదు, మావ తడుముకోకుండా మోటారు ఆపెయ్యడం వల్ల. అద్దాల షాపువాడు కప్పు ఊడదీసుకుని, దానితోపాటు వచ్చిన నీలం పెచ్చుని గోటితో గీకి మావ చేతిలో పెట్టి వెళ్ళాడు. కాపు తాడు లేదు కాబట్టి బోర్డు పోయిందనే అనుకున్నారు. పోలేదు. ఆ ప్లాస్టిక్ నీటి కంటే కాస్త తేలిక, ఒంటరిగా అయితే ములిగీ ములగనట్టు తేలేది. ముందంచుకి కుట్టిన నలభై సెంటీమీటర్ల లైఫ్ జాకెట్ నురుగు దాన్ని నిలబెట్టి, రాత్రంతా నెమ్మదిగా ఈదించి, తెల్లారేసరికి గట్టుకి చేర్చింది. చేపల అత్త దాన్ని తీసి, నారింజ గుడ్డ పట్టీని కోసి పడేసి, బురద కడిగి, కత్తిపీట పక్కన పెట్టుకుంది. స్క్రూలు ఊడిన చోట నాలుగు బెజ్జాలున్నాయి. చేప కడిగిన నీళ్ళు వాటిలోంచి చక్కగా కారిపోతున్నాయట.